ఒప్పుకున్నాడా, ఓర్చుకున్నాడా?

(నరసాపురం దగ్గర ఒక సంఘంలో జరిగిన యవ్వనస్థుల కూటంలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ వందనాలు. మైకు కాస్త వెనక్కి జరుపు బాబూ, కూతపెడుతోంది. ఆ, చాలు.

పోయిన కూటంలో ప్రశ్నల డబ్బాలో పడిన చీటీ ఒకటి అయ్యగారు నా చేతిలో పెట్టారు. ఎవరు రాశారో నాకు తెలీదు, ఆరా తియ్యను కూడా. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది. చదువుతాను. "అబ్రాహాముకు శారా ఉండగానే హాగరు. యాకోబుకు నలుగురు. దావీదుకు లెక్కే లేదు. దేవుడు వాళ్ళని ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. మరి మన ఊళ్ళో ఎవరైనా రెండో ఆవిణ్ణి తెచ్చుకుంటే ప్రభు రాత్రి భోజనపు బల్ల దగ్గరికి ఎందుకు రానివ్వరు?" ఇదీ ప్రశ్న. అయ్యగారు చదివి "మాస్టారూ, ఇది మీరే చెప్పాలి" అన్నారు. తప్పించుకోవడం కూడా ఒక వరమే. (నవ్వులు)

దీనికి మనవాళ్ళు మామూలుగా చెప్పే జవాబు ఒకటుంది. "దేవుడు మొదట్నించీ దీన్ని ఖండిస్తూనే వచ్చాడు" అంటారు. నేను కూడా చిన్నప్పుడు ఆదివారం బడిలో అదే నేర్చుకున్నాను. తర్వాత వచనం కోసం వెతికాను. దొరకలేదు. దొంగిలకూడదు అని ఉంది, వ్యభిచరింపకూడదు అని ఉంది. మామూలు మనిషి ఇద్దర్ని పెళ్ళాడకూడదు అని ధర్మశాస్త్రంలో సూటిగా ఎక్కడా లేదు. భార్య బతికుండగా ఆవిడ సొంత చెల్లెల్ని చేసుకోవద్దని లేవీయకాండం 18లో ఉంది. రాజు భార్యల్ని పోగేసుకోవద్దని ద్వితీయోపదేశకాండం 17లో ఉంది. అంతే. లేని వచనాన్ని ఉన్నట్టు చెప్తే పిల్లలు ఫోన్లో వెతుక్కుని రెండు నిమిషాల్లో మనల్ని పట్టుకుంటారు. ఆ తర్వాత మనం ఉన్న వచనం చెప్పినా నమ్మరు.

కాబట్టి ముందు ఒప్పేసుకుందాం. అప్పట్లో అది చెల్లింది. చట్టరీత్యా చెల్లింది, భక్తులకీ చెల్లింది. చెల్లడం వేరు, మెచ్చుకోవడం వేరు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో చూడాలంటే ఆ ఇళ్ళల్లోకి వెళ్ళాలి.

మొట్టమొదట ఇద్దర్ని చేసుకున్నది ఎవరు? లెమెకు. కయీను వంశంలో వాడు. ఆదికాండం 4వ అధ్యాయం. ఆదా, సిల్లా అని ఇద్దరు భార్యలు. వాడు ఆ ఇద్దర్నీ కూచోబెట్టి ఏం చెప్పాడు? నన్ను గాయపరిచినందుకు ఒక మనిషిని చంపాను, కయీనుకు ఏడంతలు పగ అయితే నాకు డెబ్బై ఏడంతలు అని గొప్పలు చెప్పుకున్నాడు. రాసినాయన ఇది తప్పు అని పక్కన రాయలేదు. వాడి నోటితోనే వాడి సంగతి చెప్పించి ఊరుకున్నాడు. బైబిల్లో కథలు చెప్పే పద్ధతి చాలా చోట్ల ఇదే. తీర్పు చెప్పదు, తలుపు తీసి చూపిస్తుంది.

యాకోబు ఇల్లు చూడండి. లేయాకు జబ్బు కళ్ళు, రాహేలు అందగత్తె. లేయా కొడుకులకు పెట్టుకున్న పేర్లు వరసగా చదివితే అవి పేర్లు కావు, అర్జీలు. మొదటివాడు పుట్టగానే, ఇకనైనా నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడు అనుకుంది. రెండోవాడికి, నేను ద్వేషింపబడ్డానని దేవుడు విన్నాడు అంది. మూడోవాడికి, ఇప్పుడైనా నాతో హత్తుకుని ఉంటాడు అంది. ముగ్గురు కొడుకులు పుట్టినా మొగుడు ఇటు తిరగలేదన్న మాట. తర్వాత గోధుమ కోతలప్పుడు రూబేను పొలంలో పుత్రదాత వృక్షపు పండ్లు చూసి తల్లికి తెచ్చాడు. రాహేలు నాకు కొన్ని పెట్టమంది. "నా మొగుణ్ణి తీసుకున్నది చాలక నా కొడుకు పండ్లు కూడానా" అంది లేయా. సరే, ఈ రాత్రికి ఆయన నీ దగ్గర ఉంటాడులే అని బేరం కుదిరింది. సాయంత్రం యాకోబు పొలం నుంచి వస్తుంటే లేయా ఎదురెళ్ళి, "నిన్ను పండ్లిచ్చి కొనుక్కున్నాను, రా" అంది.

పన్నెండు గోత్రాలకు తండ్రి. ఒక రాత్రికి ఆయన ధర నాలుగు పండ్లు. ఇద్దరు పెళ్ళాల ముద్దుల మొగుడు అని మనవాళ్ళు వేళాకోళమాడతారు చూడండి, అందులో ముద్దు ఎంతుందో ఇక్కడ తెలుస్తుంది. (నవ్వులు)

ఇక్కడ ఒక మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు మాస్టార్ని కదా, మాట కనబడితే వదల్లేను. మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలో ఎల్కానాకు హన్నా, పెనిన్నా. మన బైబిల్లో పెనిన్నాను హన్నాకు "వైరి" అన్నారు. హెబ్రీలో ఆ మాట "సారా" అని వినిపిస్తుంది. అబ్రాహాము భార్య పేరు కాదు, అది వేరే మాట. ఇరుకు, బాధ అనే అర్థాలున్న కుదురులోంచి పుట్టిన మాట ఇది. తర్వాతి కాలపు యూదుల ధర్మశాస్త్ర చర్చల్లో ఒకే భర్త ఉన్న ఇద్దరు స్త్రీలు ఒకరికొకరు ఏమవుతారో చెప్పడానికి ఇదే మాట వాడారు. అంటే ఏమిటి? మనం సవతి అంటాం. నన్నడిగితే "ఆమె సవతియగు పెనిన్నా" అని ఉంటే మన ఆడవాళ్ళకి ఆ వచనానికి వ్యాఖ్యానమే అక్కర్లేదు. ఆ బంధానికి పేరు పెట్టిన మాటలోనే బాధ ఉంది. ఎల్కానా మంచివాడే పాపం. "పదిమంది కుమాళ్ళకంటే నేను నీకు ఎక్కువ కానా" అని అడుగుతాడు. ఆవిడ జవాబు చెప్పలేదు. లేచి దేవుడి దగ్గరికి వెళ్ళింది.

గిద్యోను సంగతి త్వరగా చెప్పేస్తాను. చాలామంది భార్యలు, 70 మంది కొడుకులు. షెకెములో ఉన్న ఉపపత్ని కొడుకు అబీమెలెకు ఆ అన్నదమ్ముల్ని ఒకే రాతి మీద చంపించాడు. చిన్నవాడు యోతాము ఒక్కడే దాక్కుని బతికాడు. దావీదు ఇల్లు మీకు తెలుసు. అమ్నోను, తామారు, అబ్షాలోము. అన్న చెల్లెల్ని చెరచడం, తమ్ముడు అన్నని చంపడం, అంతా వేరు వేరు తల్లుల పిల్లల మధ్య. వీటన్నిటి కంటే నన్ను ఎక్కువ పట్టుకునేది ఒక చిన్న వచనం. రెండో సమూయేలు 20:3. అబ్షాలోము పాడుచేసిన పదిమంది ఉపపత్నుల్ని దావీదు ఒక ఇంట్లో ఉంచి కావలి పెట్టాడు, తిండి పెట్టాడు, వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. చచ్చేదాకా మొగుడు బతికుండగానే విధవల్లా ఉన్నారు. వాళ్ళు చేసిన తప్పేమిటి? ఒక్క పేరు కూడా రాయలేదు.

ఇప్పుడు ఎదుటిపక్షం వాళ్ళ బలమైన వచనం చెప్తాను. నేను దాచను. నాతాను ప్రవక్త దావీదుతో దేవుడి మాటగా అన్నాడు, నీ యజమానుని స్త్రీలను నీ కౌగిట చేర్చాను అని. సౌలు స్త్రీలన్న మాట. ఇచ్చింది నేనే అంటున్నాడు దేవుడు! ఇంకొకటి. చిన్నవాడు యోవాషు రాజైతే యాజకుడు యెహోయాదా తానే ఇద్దరు భార్యల్ని చూసి చేశాడు. అది కూడా రాజు మంచిగా నడిచాడన్న వచనం పక్కనే ఉంది, రెండో దినవృత్తాంతములు 24లో.

నాతాను మాటకి నేను చెప్పేది ఇదీ. అప్పటి రాజ్యాల్లో పాత రాజు అంతఃపురం సింహాసనంతో పాటు కొత్త రాజుకి వచ్చేది. అందుకే అబ్షాలోము తిరుగుబాటు చేయగానే మేడ మీద గుడారం వేయించి తండ్రి ఉపపత్నుల దగ్గరికి వెళ్ళాడు. అందుకే అదోనీయా అబీషగుని అడిగితే, రాజ్యం కూడా అడగరాదా అన్నాడు సొలొమోను. కాబట్టి నాతాను చెప్తున్నది రాజ్యం ఇచ్చిన సంగతి. పైగా అదే ప్రసంగంలో మూడు వచనాలు దాటితే, నీ భార్యల్ని తీసి నీ దగ్గరివాడికి ఇస్తాను అని కూడా ఉంది. ఇచ్చాను అన్నది మెప్పు అయితే ఇస్తాను అన్నది కూడా మెప్పే అవ్వాలి. అబ్షాలోము చేసిన పని దేవుడు మెచ్చాడని ఎవరూ అనరు కదా.

ఇంత చెప్పినా సరే, ఆ వచనం నాకు పులస ముల్లే. రుచిగా తింటున్నప్పుడు గొంతులో దిగబడుతుంది. అన్నం ముద్ద మింగితే పోయిందనుకుంటాం, కాసేపాగి మళ్ళీ గుచ్చుతుంది. ముల్లు లేదని మాత్రం చెప్పను.

సరే, చట్టం దగ్గరికి వద్దాం. మోషే చట్టం దీన్ని ఎక్కడ ముట్టుకుందో చూడండి. నిర్గమకాండం 21. భార్యగా తెచ్చుకున్న దాసి ఉండగా ఇంకొకతెను తెచ్చుకుంటే, మొదటిదానికి ఆహారం, వస్త్రం, సంసారధర్మం తగ్గించకూడదు. తగ్గిస్తే ఆమె పైసా కట్టక్కర్లేకుండా వెళ్ళిపోవచ్చు. ద్వితీయోపదేశకాండం 21. ఒకడికి ఇద్దరు భార్యలు, ఒకతె ఇష్టం, ఒకతె కానిది. కానిదాని కొడుకు ముందు పుడితే వాడే పెద్దవాడు, రెండు పాళ్ళు వాడికే. ఇష్టమైన ఆవిడ కొడుక్కి మార్చడానికి తండ్రికి అధికారం లేదు.

మగాడికి ఇది చేసుకో అని చెప్పే వాక్యాలు కావు ఇవి. వాడు ఎలాగూ చేసుకుంటాడు, చేసుకున్నాక ఓడిపోయే మనిషి ఎవరో చూసి ఆవిడ పక్కన నిలబడే వాక్యాలు. వరద గోదారిని ఆపలేం, గట్టు వేస్తాం. గట్టు వేసినవాణ్ణి నువ్వు వరదని ఒప్పుకున్నావా అని అడిగితే ఏం చెప్తాడు?

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. పేర్లు వద్దు, సంఘం పేరు అసలే వద్దు. మా తాతయ్య తమ్ముడికి ఇద్దరు భార్యలు. ఇది 1949కి ముందు మాట. ఆ ఏడాది మద్రాసు రాష్ట్రంలో హిందువులకి రెండో పెళ్ళి చెల్లదని చట్టం వచ్చింది, మనం అప్పుడు మద్రాసులోనే కదా. 1955లో దేశమంతటికీ వచ్చింది. అంతకుముందు అడ్డులేదు. క్రైస్తవ వివాహానికి మాత్రం 1872 చట్టం నుంచీ ఒక షరతు ఉంది, పెళ్ళాడేవాళ్ళకి బతికున్న భార్యగానీ భర్తగానీ ఉండకూడదని. చినతాతయ్యకు పెద్దమామ్మతో పెళ్ళై ఎనిమిదేళ్ళైనా పిల్లల్లేరు. పెద్దవాళ్ళంతా కలిసి సఖినేటిపల్లి వైపు నుంచి చినమామ్మని తెచ్చారు. ఏడాది తిరక్కుండా కొడుకు. తర్వాత చిత్రంగా పెద్దమామ్మకీ కడుపు పండింది, ఆవిడకీ కొడుకే. శారా, హాగరు కథ మా అరుగు మీద మళ్ళీ జరిగింది.

తర్వాత చినతాతయ్య మారుమనస్సు పొంది బాప్తిస్మం అడిగాడు. పెద్దలు కూచున్నారు. ఒకామెను వదిలితేనే అన్నారు. ఎవర్ని? ముందు చేసుకున్నామెను ఉంచుకోవాలి, వెనకామెను పంపాలి. చినమామ్మని ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగేళ్ళ కొడుకుతో, ఒక ట్రంకు పెట్టెతో రేవులో పడవ ఎక్కించారు. ఏటా రెండు బస్తాల ధాన్యం పంపాలని ఒప్పందం. కొన్నేళ్ళు వెళ్ళాయి. తర్వాత వెళ్ళలేదు.

ఆ పెద్దలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు ఒక వచనం నిలబెట్టామనుకున్నారు. నిర్గమకాండం 21 తెరిచి చూసుకోలేదు.

ఈ చిక్కు మన ఒక్కళ్ళదే కాదు. మన నరసాపురం వైపు బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు వచ్చిన రోజుల్లోనే, ఆ 1830ల్లోనే, కలకత్తాలో మిషనరీలు దీని మీద తర్జనభర్జన పడ్డారు. ముందే ఇద్దరు భార్యలున్నవాడు క్రైస్తవుడైతే అందర్నీ ఉంచుకోవచ్చు, సంఘంలో ఏ హోదా మాత్రం ఇవ్వొద్దు అనుకున్నారు. ఆఫ్రికాలో నేటాల్ బిషప్ కొలెన్సో కూడా భార్యల్ని పంపేయమనడం అన్యాయమని వాదించాడు. కానీ 1888లో లండన్‌లోని లాంబెత్‌లో ఆంగ్లికన్ బిషప్పులు, అంటే ఇంగ్లండు సంఘపు శాఖల బిషప్పులు, కూడి, భార్యలకు బాప్తిస్మం ఇవ్వొచ్చుగానీ భర్తకి ఇవ్వొద్దన్నారు. సరిగ్గా వందేళ్ళకి, 1988లో, అదే లాంబెత్ సభ మాట సడలించింది. ఉన్నవాళ్ళని బయటికి గెంటమని బలవంతం చెయ్యొద్దు, కొత్తగా ఎవర్నీ చేసుకోకూడదు, ఊళ్ళో సంఘం ఒప్పుకోవాలి అనే షరతులతో బాప్తిస్మం ఇవ్వొచ్చంది. మా చినమామ్మకి అది చాలా ఆలస్యం.

యేసు ప్రభువు దగ్గరికి వద్దాం. "మీ హృదయకాఠిన్యమును బట్టి" మోషే సెలవిచ్చాడు అన్న మాట మనం ఇక్కడికి తెచ్చి వాడేస్తుంటాం. అది విడాకుల గురించి. బహుభార్యల గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయన విడిగా చెప్పనూ లేదు. అరువు తెచ్చుకుంటే తెచ్చుకోండి, అరువని చెప్పి వాడండి. కానీ ఆ చోటనే ఒక చిన్న సంగతుంది. బైబిళ్ళు తెరవండి. ఆదికాండం 2:24లో "వారు ఏక శరీరమైయుందురు". వారు. మత్తయి 19:5లో అదే మాటని ప్రభువు చెప్తుంటే "వారిద్దరును" అని ఉంది. ఇద్దరు ఎక్కణ్ణించి వచ్చారు? హెబ్రీలో లేరు. ఆదికాండాన్ని గ్రీకులోకి తెచ్చిన పాత అనువాదంలో ఉన్నారు. మూడోవాళ్ళకి చోటు లేకుండా అంకె వేసిన పాఠం ఉంది, వెయ్యని పాఠం ఉంది. సువార్తలో ప్రభువు నోట వినిపించేది అంకె వేసినది. ఇంకా, మార్కు 10లో, భార్యని విడిచి ఇంకొకతెను చేసుకున్నవాడు ఆ విడిచిన భార్య విషయంలో వ్యభిచరిస్తున్నాడు అంటాడు. ఆ రోజుల్లో వ్యభిచారం అంటే ఇంకొక మగాడి సొత్తు ముట్టుకోవడం. తప్పు ఆ మొగుడికి జరిగినట్టు లెక్క. ప్రభువు ఆ తప్పు భార్యకి జరిగింది అన్నాడు. ఆ ఒక్క మాటతో పునాది కదిలిపోయింది. పౌలు కూడా కొరింథీయులకు రాస్తూ భర్త శరీరం మీద అధికారం భార్యదే అంటాడు. ఇక దాన్ని రెండిళ్ళకి పంచడం ఎలా?

యూదుల్లో అప్పటికే ఈ వాదం ఉంది. కైరోలో పాత సమాజమందిరపు కాగితాల గదిలో దొరికి, తర్వాత మృతసముద్రం గుహల్లోనూ ముక్కలుగా బయటపడ్డ ఒక గ్రంథంలో, బతికుండగా ఇద్దర్ని చేసుకోవడం తప్పని రాశారు. దానికి చూపిన ఆధారాలు ఏమిటంటే, సృష్టిలో స్త్రీపురుషులు, ఓడలోకి జతలుజతలుగా వెళ్ళిన జంతువులు, రాజు భార్యల్ని పోగేసుకోవద్దన్న వచనం. అలాగని అందరూ మానేశారా అంటే లేదు. 1961లో మృతసముద్రం దగ్గరే ఒక గుహలో బబతా అనే ఆవిడ కాగితాల మూట దొరికింది. ఖర్జూరపు తోటలున్న ఆవిడ. భర్త యూదా చనిపోయాడు. ఆయనకి ఇంకో భార్య ఉంది, మిర్యాము. సామానెవరిది, తోటలెవరివి? క్రీ.శ. 131లో రోమా గవర్నరు దగ్గరికి పదమని ఒకరికొకరు నోటీసులు. ఒక కాగితంలో "నీకూ నాకూ భర్త అయిన యూదా" అని ఉంది. ఖర్జూరం తీసేసి కొబ్బరి పెట్టండి, మన రాజోలు కోర్టులో ఫైలే! (నవ్వులు) జర్మనీ వైపు యూదుల్లో రబ్బీ గెర్షోము పేరున దీన్ని నిషేధించింది దాదాపు క్రీ.శ. 1000 ప్రాంతంలో. అప్పటిదాకా చెల్లుతూనే ఉంది.

ఇక మొదటి తిమోతి 3లో సంఘ అధ్యక్షుడి గురించి ఉన్న "ఏకపత్నీ పురుషుడు" అన్న మాట. అనువదించినవాళ్ళు మంచి మాట వేశారు. మన చెవికి వెంటనే రాముడు గుర్తొస్తాడు, వెనకే ముగ్గురు రాణుల మధ్య నలిగిపోయిన దశరథుడు కూడా. అధ్యక్షుడు ఏకపత్నీ పురుషుడై ఉండాలంటే మిగతావాళ్ళకి ఇద్దరుండొచ్చన్నమాటేగా అని కొందరు తెలివిగా అడుగుతారు. రెండు అధ్యాయాలు ముందుకెళ్ళండి. విధవరాలు "ఒక్క పురుషునికే భార్య" అయ్యుండాలని ఉంది. అంటే మిగతా ఆడవాళ్ళకి ఇద్దరేసి మొగుళ్ళున్నారా? లేరు కదా. అది నమ్మకంగా కాపురం చేసిన మనిషి గురించి చెప్పే మాట. ఇందులోంచి రెండో పెళ్ళికి లైసెన్సు రాదు.

చీటీ రాసిన బాబుకో అమ్మాయికో నా జవాబు: దేవుడు ఒప్పుకోలేదు. ఓర్చుకున్నాడు అంటే కూడా నాకు తృప్తి లేదు, ఓర్చుకున్నది లేయా, ఓర్చుకున్నది హన్నా. హాగరు ఎడారిలో ఒంటరిగా ఉన్నప్పుడు దేవుడు ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడే ఆయనకి పేరు పెట్టింది, చూచుచున్న దేవుడవు అని. ఇక ఈ రోజుల్లో చిన్నిల్లు పెట్టి, అబ్రాహాముకి లేరా అనేవాడికి బల్ల దగ్గర చోటెందుకు అంటే నాకూ ఎందుకో తెలీదు. భార్య ఉండగా రెండో పెళ్ళి చేసుకుంటే అది చట్టరీత్యా నేరం కూడా. కానీ ఆ ఇంట్లో రెండో ఆవిడ, పిల్లలు ఉంటారు. వాళ్ళ సంగతి తేల్చకుండా మాత్రం సంఘం చేతులు కడుక్కోకూడదు.

చినతాతయ్య పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. సమాధి తవ్వి ఉంది, పెట్టె దింపారు, అయ్యగారు ప్రార్థన ముగించారు. పెద్దమామ్మ కొడుకు మట్టి వెయ్యడానికి గుప్పెట్లోకి తీసుకున్నాడు. పెద్దమామ్మ వాడి చెయ్యి పట్టుకుని, "ఆగరా, పెద్దోడు రానీ" అంది. ఎవరికీ అర్థం కాలేదు. కబురు ఆవిడే పంపించిందట. గోదారి పాటు మీద ఉంది, పడవ ఆలస్యమైంది. ఎండలో గంటన్నర నిలబడ్డాం. అయ్యగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు, ఆవిడ కదల్లేదు. ఆఖరికి రేవు వైపు నుంచి ఇద్దరు నడిచొచ్చారు. ముందు మట్టి వాడే వేశాడు. తర్వాత ఏడాది కొబ్బరితోట పంచుకునేటప్పుడు కూడా ఆవిడ అదే మాట మీద ఉంది. పెద్దమామ్మకి చదువు రాదు.

ఆ రాత్రి చినమామ్మ తిరుగు పడవ ఎక్కలేదు. ఇద్దరూ అరుగు మీద చాప వేసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో విందామని పక్కనే పడుకున్నాను గానీ నిద్రపట్టేసింది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ వెనక అమ్మాయి చెయ్యెత్తింది, మైకు ఇటివ్వండి.